కీర్తనలన్నీ దావీదే రాశాడా? తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్ క్లాసుల్లో ఆదికాండం దగ్గరా ప్రకటన గ్రంథం దగ్గరా ప్రశ్నలొస్తాయని అందరం సిద్ధపడే వెళ్తాం. కీర్తనల దగ్గర ఎవరేం అడుగుతారులే అనుకుంటాం, సగం మందికి అవి కంఠతా వచ్చు కదా. నాకు మాత్రం తిప్పలు పెట్టే ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. ఎక్కువసార్లు విన్నవి ఇక్కడ రాస్తున్నాను. అధ్యాయాలు, వచనాల సంఖ్యలు మన చర్చిల్లో వాడే పాత తెలుగు అనువాదం ప్రకారం ఇచ్చాను.

నూట యాభై కీర్తనలూ దావీదే రాశాడా?

కాదు. ఆ మాట కీర్తనల గ్రంథమే ఎక్కడా అనదు. హెబ్రీ ప్రతిలో శీర్షికలు లెక్కపెడితే దావీదు పేరున్నవి 73. ఆసాపు పేరున్నవి 12 (50వది, ఆ తర్వాత 73 నుంచి 83 దాకా). కోరహు కుమారులవి 11. సొలొమోను పేరుతో రెండు (72, 127), ఏతాను పేరుతో ఒకటి (89), మోషే పేరుతో ఒకటి (90). 88వ కీర్తన మీద కోరహు కుమారుల పేరూ ఉంది, హేమాను పేరూ ఉంది. దాన్ని కోరహువారి లెక్కలోనే కలిపాను.

ఇంకో 16 కీర్తనలకు శీర్షిక ఉంది కానీ అందులో మనిషి పేరు లేదు. "యాత్రకీర్తన" అని మాత్రమే ఉన్నవి వీటిలోకే వస్తాయి. మిగిలిన 34కి శీర్షికే లేదు. యూదులు వీటిని అనాథ కీర్తనలంటారు. అన్నీ కూడితే సరిగ్గా 150 వస్తుంది.

అంటే దావీదు పేరున్నవి సగం కంటే తక్కువే.

మరి "అన్నీ దావీదువే" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

చాలా పాతకాలం నుంచే ఉంది. అన్నిటికంటే పెద్ద పేరు ఆయనదే కాబట్టి పుస్తకమంతా ఆయన ఖాతాలో పడింది. అయిదో శతాబ్దపు క్రైస్తవ బోధకుడు అగస్టీను 150 కీర్తనలూ దావీదువేనన్న పక్షం. దాదాపు అదే కాలంలో ఉన్న బైబిల్ పండితుడు జెరోము ఒప్పుకోలేదు, శీర్షికలో ఎవరి పేరుంటే వారివే అన్నాడు. యూదు బోధకుల మాటలు కూర్చిన పాత గ్రంథం తల్మూదుది మధ్యేమార్గం: దావీదు పదిమంది పెద్దల మాటలతో ఈ పుస్తకం రాశాడని చెబుతుంది. ఆ పదిమందిలో ఆదాము, మెల్కీసెదెకు, అబ్రాహాము కూడా ఉన్నారు. ఆదాము పేరు చూసి నవ్వు రావచ్చు. అయినా ఒక్క మనిషి రాసిన పుస్తకం కాదన్న సంగతి వాళ్లకీ తెలుసని దీన్నిబట్టి అర్థమవుతుంది.

"దావీదు కీర్తన" అని శీర్షికలోనే ఉంటే ఇక వాదనెందుకు?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

హెబ్రీలో అక్కడున్నది "లెదావీద్" అనే మాట. ముందున్న "లె" ఒక్క అక్షరం. దానికి "కి", "కోసం", "యొక్క", "చెందిన", "గురించి" ఇన్ని అర్థాలున్నాయి. ఎక్కడ ఏ అర్థమో సందర్భాన్నిబట్టి తెలుసుకోవాలి. మీ బైబిల్లో 4వ కీర్తన తీయండి. పైన "ప్రధానగాయకునికి" అని ఉంటుంది, దాని తర్వాత దావీదు పేరు ఉంటుంది. హెబ్రీలో రెండుచోట్లా ఉన్నది ఆ ఒక్క "లె" అక్షరమే. మన అనువాదకులు మొదటిచోట "కి" అని రాసి, రెండోచోట రచయిత అన్న అర్థం తీసుకున్నారు. తప్పు చేశారని కాదు, ఎంచుకోక తప్పలేదు.

తెలుగులో మనకూ ఇలాంటిదే ఉంది. త్యాగరాజ కీర్తన అంటే త్యాగరాజు రాసింది. రామ కీర్తన అంటే రాముడి మీద రాసింది, రాముడు రాసింది కాదు. మాటల కట్టు ఒకటే, అర్థాలు వేరు. తెలుసు కాబట్టి మనం పొరబడం. మూడు వేల ఏళ్ల తర్వాత ఎవరో చదివితే?

యూదా దేశపు తవ్వకాల్లో దొరికిన కుండల చెవుల మీద "లమెలెక్" అన్న ముద్రలు చాలా ఉన్నాయి. అవి క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం చివరివి, హిజ్కియా రాజు కాలానివి. "రాజుది", అంటే రాజుగారి సొత్తు అని అర్థం. ఆ కుండను రాజు చేశాడని కాదు కదా! అలాగే "లెదావీద్" అన్నది కొన్నిచోట్ల "దావీదు సంపుటిలోది" అని చెప్పే గుర్తు కూడా కావచ్చు.

72వ కీర్తనలో ఇది బాగా కనిపిస్తుంది. శీర్షికలో సొలొమోను పేరుంది. లోపల చూస్తే రాజు కోసం, రాజకుమారుని కోసం ఎవరో చేస్తున్న ప్రార్థన. క్రీస్తుకు ముందే గ్రీకులోకి మార్చినవాళ్లు ఇది గమనించారేమో, "సొలొమోను కోసం" అనే అనువదించారు.

నా మట్టుకు నాకు వేమన గుర్తొస్తాడు. "విశ్వదాభిరామ వినురవేమ" అని ముగిసే పద్యాలు వేలల్లో ఉన్నాయి. అన్నీ ఒక్క మనిషివేనని ఏ పండితుడూ అనడు. అలాగని వేమనే లేడని కూడా అనరు. మకుటం అంత బలమైంది, ఆ దారిలో రాసినవాళ్లంతా దాన్నే వాడుకున్నారు.

"దావీదు ప్రార్థనలు ముగిసెను" అన్నాక మళ్లీ దావీదు కీర్తనలు ఎలా వచ్చాయి?

72:20 దగ్గర ఆగి ఈ ప్రశ్న అడిగినవాళ్లు శ్రద్ధగా చదువుతున్నారని అర్థం. ఆ వచనం తర్వాత దావీదు పేరుతో ఇంకా 18 కీర్తనలున్నాయి: 86, 101, 103, 108 నుంచి 110, యాత్రకీర్తనల్లో నాలుగు, చివర్లో 138 నుంచి 145.

ఆ వచనం ఒకప్పటి చిన్న పుస్తకానికి చివరి పేజీ. అప్పటికి ఉన్న సంపుటి అక్కడితో అయిపోయింది, కూర్చినవాడు "ముగిసెను" అని రాసుకున్నాడు. తర్వాతివాళ్లు ఇంకా సంపుటులు తెచ్చి కలిపారు, పాత ముగింపు వాక్యాన్ని మాత్రం చెరపలేదు. పాత ఇంటికి కొత్త గదులు కట్టుకుంటూ పోతే ఒకప్పటి వీధి గుమ్మం ఇంటి మధ్యలో మిగిలిపోయినట్టు.

ఇలాంటి అతుకులు ఇంకా కనిపిస్తాయా?

బోలెడు. 14వ కీర్తన, 53వ కీర్తన దాదాపు ఒకటే పాట. రెండూ పక్కపక్కన పెట్టుకుని రెండో వచనం చదవండి. 14లో ఆకాశం నుంచి చూసేది "యెహోవా", 53లో "దేవుడు". ఇది ఒక్క పాటకు సంబంధించింది కాదు. 42 నుంచి 83 దాకా ఉన్న కీర్తనల్లో "యెహోవా" పేరు బాగా తగ్గి, "దేవుడు" అన్న మాట బాగా పెరుగుతుంది. ఆ భాగాన్ని ఎవరో ఒక పద్ధతి ప్రకారం దిద్దారని పండితుల అభిప్రాయం. ఒకే పాట రెండు సంపుటుల్లో ఉంది, ఒకదాన్ని దిద్దారు, ఇంకోదాన్ని వదిలేశారు. రెండు సంపుటులూ కలిసినప్పుడు పాట రెండుసార్లు వచ్చింది.

40వ కీర్తన చివరి భాగం 70వ కీర్తనగా విడిగా ఉంది. 108వది 57లో సగం, 60లో సగం కలిపి కట్టినది. 42, 43 ఒకప్పుడు ఒకటే పాట. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న పల్లవి 42లో రెండుసార్లు, 43లో ఒకసారి వస్తుంది, 43కి వేరే శీర్షిక కూడా లేదు.

శీర్షికలు దేవుని వాక్యంలో భాగమా? తర్వాత ఎవరో చేర్చారా?

రెండు ప్రశ్నలు కలిపేశారు. హెబ్రీ బైబిల్లో శీర్షికను కూడా వచనాల లెక్కలోనే కలుపుతారు. మన 51వ కీర్తన మొదటి వచనం వాళ్లకు మూడోది, ఎందుకంటే నాతాను ప్రవక్త వచ్చిన సంగతి చెప్పే శీర్షికే రెండు వచనాలు తీసుకుంటుంది. కాబట్టి అవి అచ్చువేసినవాళ్లు పెట్టుకున్న హెడ్డింగులు కావు, చాలా పాతవి.

పాతవే కానీ మొదటి రోజు నుంచీ ఉన్నవేనా అంటే, అన్నీ కాదు. గ్రీకు అనువాదంలో హెబ్రీలో లేనిచోట్ల కూడా దావీదు పేరు కనిపిస్తుంది, ఉదాహరణకు 95వ కీర్తన మీద. అంటే కాలం గడిచేకొద్దీ పేర్లు పెరిగాయి.

దావీదు జీవితంలోని సంఘటనలు చెప్పే శీర్షికలు 13 ఉన్నాయి. 34వ దానిలో దావీదు అబీమెలెకు ఎదుట పిచ్చివాడిలా నటించాడని ఉంది. 1 సమూయేలు 21లో అదే కథ చదివితే ఆ రాజు పేరు గాతు రాజైన ఆకీషు. అబీమెలెకు అన్నది ఫిలిష్తీయ రాజుల బిరుదు అని సర్దిచెప్పేవాళ్లున్నారు, కావచ్చు. 7వ కీర్తన శీర్షికలో బెన్యామీనీయుడైన కూషు అనే అతను వస్తాడు, సమూయేలు గ్రంథాల్లో అలాంటి మనిషే లేడు. మనదాకా రాని కథలు కూడా ఆ గాయకులకు తెలుసన్నమాట.

దావీదు పేరున్న కీర్తనల్లో ఆయన కాలం తర్వాతి సంగతులు ఉన్నాయంటారు, నిజమా?

51వ కీర్తన చివరి రెండు వచనాలు చూడండి. అంతదాకా బలులు దేవునికి ఇష్టం కాదు, విరిగిన మనస్సే కావాలి అంటుంది. ఆఖర్లో యెరూషలేము గోడలు కట్టించు, అప్పుడు బలులు నీకు ఇష్టమవుతాయి అంటుంది. దావీదు కాలంలో కూలిన గోడలు లేవు. నగరం క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను చేతిలో పడిపోయాక ఎవరో ఆ పాత ఒప్పుకోలు పాటకు తమ కాలపు ప్రార్థన జోడించుకున్నారని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు, నాకూ అదే సబబనిపిస్తుంది. 69వ కీర్తన చివర యూదా పట్టణాలు మళ్లీ కట్టించే మాట కూడా ఇలాంటిదే.

దేవుని ఆలయం ప్రస్తావన ఉంటే దావీదుది కాదని కొందరు తేల్చేస్తారు, అది తొందరపాటు. షిలోహులో ఉన్న మందిరాన్ని కూడా 1 సమూయేలు ఆలయమనే అంటుంది.

ఆసాపు ఎవరు?

దినవృత్తాంతాల ప్రకారం దావీదు నియమించిన లేవీయ గాయకుల్లో పెద్ద, తాళాలు వాయించేవాడు. చిక్కేమిటంటే ఆసాపు పేరున్న 74, 79 కీర్తనలు ఆలయం కాలిపోయి, యెరూషలేము శిథిలమైపోయిందని ఏడుస్తాయి. దావీదు కాలం క్రీ.పూ. 1000 ప్రాంతం. మధ్యలో నాలుగు వందల ఏళ్లు!

జవాబు ఎజ్రా గ్రంథంలో ఉంది. బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల జాబితాలో (2:41) గాయకులైన ఆసాపు వంశస్థులు 128 మంది. నెహెమ్యా జాబితాలో ఆ సంఖ్య 148. అంటే ఆసాపు అనేది ఒక మనిషి పేరుగా మొదలై ఒక గాయక వంశం పేరైపోయింది. ఆ కుటుంబం పాడేది ఏదైనా ఆసాపు కీర్తనే.

కోరహు భూమిలో కలిసిపోయాడు కదా, అతని కుమారులెక్కడి నుంచి వచ్చారు?

సంఖ్యాకాండం 16 దాకా చదివి ఆగిపోతే ఈ సందేహం వస్తుంది. 26:11లో కోరహు కుమారులు చావలేదని ఒక చిన్న వచనం ఉంది. తిరుగుబాటుదారుడి సంతతి తర్వాత ద్వారపాలకులై, గాయకులై నిలిచింది. వాళ్ల 84వ కీర్తనలో దేవుని మందిరం గుమ్మం దగ్గరుండటమే చాలన్న మాట ఈ సంగతి తెలిశాక చదివితే వేరుగా వినిపిస్తుంది. ఇంకో విషయం: దక్షిణ యూదాలోని ఆరాదు కోట తవ్వకాల్లో దొరికిన ఒక కుండపెంకు మీద సిరాతో రాసిన పేర్లలో "కోరహు కుమారులు" అని ఉంది.

90వ కీర్తన నిజంగా మోషేదేనా?

శీర్షిక అలా అంటుంది. ద్వితీయోపదేశకాండంలో మోషే పాటతో మాటల పోలికలు కూడా ఉన్నాయి. అంతకు మించి తేల్చడానికి ఆధారం లేదు. దాని చోటు మాత్రం గమనించదగ్గది. 89వ కీర్తన దావీదు సింహాసనం కూలిపోయిందన్న బాధతో ముగుస్తుంది. పేజీ తిప్పగానే, రాజులు పుట్టకముందటి మోషే ప్రార్థన. ఎవరో కావాలనే అక్కడ పెట్టారు.

చుట్టుపక్కల జాతుల పాటల నుంచి తీసుకున్నవి ఉన్నాయా?

పోలికలున్నాయి, కొన్ని చాలా దగ్గర పోలికలు.

ఐగుప్తులో అమర్నా దగ్గర ఆయ్ అనే అధికారి సమాధి గోడ మీద సూర్యదేవుడైన ఆతెను స్తుతి చెక్కి ఉంది, ఫరో అఖెనాతెను కాలానిది, క్రీ.పూ. 14వ శతాబ్దం. రాత్రి పడగానే సింహాలు గుహల్లోంచి వస్తాయి, తెల్లవారగానే మనుషులు పనికి పోతారు అని అందులో ఉంటుంది. ఇప్పుడు 104వ కీర్తన 20 నుంచి 23 దాకా చదవండి. అయితే కీర్తనలో సూర్యుడు దేవుడు కాదు, తన అస్తమయం తెలిసిన ఒక పనివాడు. నేరుగా చూసి రాశారా, అందరి నోళ్లలో నానిన వర్ణనా అన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది.

సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర 1928లో ఒక రైతు నాగలికి పాత సమాధి తగిలింది. మరుసటి ఏడాది మొదలైన తవ్వకాల్లో ఉగరిత్ నగరం, దాని మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిలో బయలు దేవుడికి మేఘాల మీద స్వారీ చేసేవాడని బిరుదు. 104:3లో మేఘాలను వాహనంగా చేసుకునేది యెహోవా. "యెహోవా స్వరము" అని ఏడుసార్లు వచ్చే 29వ కీర్తన మొదట్లో బయలు స్తుతే అయ్యుంటుందని 1935లో గిన్స్‌బర్గ్ అనే పండితుడు వాదించాడు. అంతదూరం వెళ్లనక్కర్లేదని నా ఉద్దేశం. "ఉరుము మీవాడిది కాదు, మా దేవుడిది" అని చెప్పాలంటే పొరుగువాడి మాటల్లోనే చెప్పాలి కదా.

మృత సముద్రపు చుట్టల వల్ల కొత్తగా ఏం తెలిసింది?

ఆ చుట్టలు దొరికిన, మృత సముద్రం ఒడ్డునున్న కుమ్రాను గుహల్లో అన్నిటికంటే ఎక్కువ ప్రతులు దొరికిన బైబిలు పుస్తకం కీర్తనలే. వాటిలో పేరుమోసింది 1956లో 11వ గుహలో దొరికిన తోలు చుట్ట. 1961లో విప్పారు, 1965లో అచ్చయింది. అందులో కీర్తనల వరుస మన వరుస కాదు. మన పుస్తకంలో లేని పాటలు కూడా మధ్యలో ఉన్నాయి. గ్రీకు బైబిల్లో ఉన్న 151వ కీర్తన హెబ్రీలో అక్కడ కనిపించింది.

ఆ చుట్ట చివర్లో ఒక లెక్క ఉంది. దావీదు రాసిన కీర్తనలు 3,600, ఏడాదిలో రోజుకొకటి చొప్పున పాటలు 364, విశ్రాంతి దినాలకు 52, అమావాస్యలకూ పండుగలకూ 30, పీడితుల కోసం 4, మొత్తం 4,050. క్రీస్తు కాలం నాటికి దావీదు పేరు ఎంత పెరిగిందో చూశారా!

నాకు అన్నిటికంటే నచ్చింది 145వ కీర్తన సంగతి. అది అక్షరమాల పాట. హెబ్రీలో ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరుసగా మొదలవుతుంది. అక్షరాలు 22, వచనాలు మాత్రం 21. 13వ వచనం "మేమ్" అక్షరంతో, 14వది "సామెక్" అక్షరంతో మొదలవుతాయి, మధ్యలో ఉండాల్సిన "నూన్" లేదు. ఆ చుట్టలో ఆ వచనం ఉంది. దేవుడు తన మాటల్లో నమ్మదగినవాడు, తన క్రియలన్నిటిలో దయగలవాడు అని దాని భావం. గ్రీకు అనువాదంలో ఇదివరకే ఉన్నదే. నకలు రాసేటప్పుడు ఎవరి చేతిలోనో జారిపోయిందని కొందరు, ఖాళీ చూసి తర్వాత ఎవరో పూరించారని కొందరు అంటారు. మన పాత తెలుగు బైబిల్లో 21 వచనాలే ఉంటాయి, చూసుకోండి.

అయితే ఇప్పుడున్న 150, అయిదు భాగాలు ఎప్పుడు కుదిరాయి?

1–41, 42–72, 73–89, 90–106, 107–150 అని అయిదు భాగాలు. మొదటి నాలుగింటి చివరా ఒక స్తుతి వాక్యం ఉంటుంది, ఆఖరి భాగానికి 150వ కీర్తనే స్తుతి. మోషే అయిదు పుస్తకాలకు జోడీగా దావీదు అయిదు పుస్తకాలు అని యూదు బోధకులు చెప్పుకునేవారు. మొదటి సగం తొందరగా గట్టిపడింది, కుమ్రానులో తేడాలు ఎక్కువగా చివరి రెండు భాగాల్లోనే కనిపిస్తాయి. మృత సముద్రం దగ్గరే ఉన్న మసాదా కోటలో దొరికిన ఒక ప్రతి 150వ కీర్తనతోనే ముగుస్తుంది. ఆ కోట క్రీ.శ. 73 ప్రాంతంలో పడిపోయింది కాబట్టి, మనకు తెలిసిన ముగింపు అప్పటికే ఉంది. పాటలు పుట్టడం మొదలై పుస్తకం కుదురుకునేసరికి ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లు పట్టి ఉంటుంది.

కీర్తనల్లో ఆడవాళ్లు రాసినవి ఉన్నాయా?

శీర్షికల్లో స్త్రీ పేరు లేదు. కానీ మిర్యాము, దెబోరా, హన్నా పాటలు బైబిల్లో వేరేచోట్ల ఉన్నాయి. హన్నా ప్రార్థనలోని మాటలు (1 సమూయేలు 2:8) దాదాపు అలాగే 113వ కీర్తనలో ఉన్నాయి. ఎజ్రా 2:65 గాయకులతో పాటు గాయకురాళ్లనూ లెక్కపెట్టింది. 131వ కీర్తనలో పాలు విడిచిన బిడ్డ తల్లి దగ్గరున్న పోలిక చదివి, ఇది ఒక తల్లి పాడినదేమో అన్న పండితులున్నారు. మా అమ్మ ఏ వ్యాఖ్యానమూ చదవకుండానే ఆ మాట అంది.

సెలా అంటే? శీర్షికల్లో ఆ వింత పేర్లేమిటి?

కీర్తనల్లో 71 సార్లు వచ్చే "సెలా" సంగీతపు గుర్తు. ఆగమనో, గొంతు ఎత్తమనో అయ్యుంటుంది. వింత పేర్లలో చాలావరకు రాగాల పేర్లు. 22వ కీర్తన శీర్షికలోని "అయ్యెలెత్ షహరు" అంటే వేకువ లేడి. అప్పట్లో అందరికీ తెలిసిన ఒక పాట వరస అయ్యుండాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కదా, ఇదీ అంతే.

యేసు ప్రభువే "దావీదు" అన్నాడు కదా, ఇదంతా విశ్వాసానికి విరుద్ధం కాదా?

టెన్షన్ పడకండి. ఆయన దావీదు పేరు ఎత్తి వాదించింది 110వ కీర్తన మీద, దానికి దావీదు శీర్షిక ఉంది. పేతురు పౌలులు దావీదువని చెప్పిన 16, 32, 69కీ ఉంది. అపొస్తలుల కార్యములు 4లో రెండో కీర్తనను, హెబ్రీయులకు 4లో 95వ కీర్తనను దావీదు పేరుతో చెప్పడం నిజమే, హెబ్రీలో వాటికి శీర్షిక లేదు. 95 మీద గ్రీకు బైబిల్లో ఆ పేరుందని పైన చెప్పాను, హెబ్రీ పత్రిక రచయిత చదివింది ఆ గ్రీకు బైబిలే. అప్పట్లో దావీదు అంటే కీర్తనల పుస్తకం అని కూడా అర్థం. దీన్నిబట్టి ఒక్కో కీర్తన రచయితనూ నిర్ణయించాలని కొందరు విశ్వాసులు పట్టుబడతారు, అక్కర్లేదని ఇంకొందరు అంటారు. నేను రెండో గుంపులో ఉన్నాను.

చివరికి దావీదు ఒక్కటైనా రాశాడంటారా?

రాశాడనే అంటాను. 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దానులో దొరికిన శిలాశాసనంలో "దావీదు ఇల్లు" అని రాజవంశం పేరుంది, క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దానిది. మనిషి కల్పన కాదు. ఆయన సంగీతానికి పేరుపొందాడని ఆమోసు (6:5) కూడా ఎరుగును. సౌలు, యోనాతానుల చావు మీద 2 సమూయేలు 1లో ఉన్న విలాపం ఆయన సొంతమని గట్టి విమర్శకులు కూడా చాలామంది ఒప్పుకుంటారు. విశేషమేమిటంటే ఆ పాటలో దేవుని పేరే లేదు, అది కీర్తనల్లోకి రాలేదు. 18వ కీర్తన 2 సమూయేలు 22లో కూడా ఉంది, అందులోని భాష చాలా పాతది. చెయ్యి ఎక్కడో ఒకచోట పెట్టాల్సివస్తే దాని మీద పెడతాను.

శీర్షిక లేని కీర్తన చదివేటప్పుడు "దావీదు అంటున్నాడు" అనొచ్చా?

మన చర్చిల్లో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మంచి మాట ఒకటి ఉంది: కీర్తనకారుడు. అది వాడండి.